వినకుండా కలిపిన చెయ్యి

బస్సు పూతలపట్టు కూడలిలో ఆగి ఉండగా ఫోను మోగింది. మేడమ్ వాళ్ళ చెల్లెలు. ఆమెను నేను చిన్నమ్మా అంటాను.

"అక్క పోయింది పాపా," అంది. "తెల్లారి లేసి కాఫీ అడిగింది. నేను కలుపుకోని వచ్చే లోపలే పోయింది. నువ్వు బిన్నా రా."

ఆ మాట చెప్పి పెట్టేసింది. చిత్తూరు పాలిటెక్నిక్‌లో క్లాసు చెప్పడానికి పోతున్నదాన్ని అక్కడే దిగేశాను. రోడ్డు దాటి తిరుపతి బస్సు కోసం నిలబడ్డాను. మేము చదివిన ఇంజనీరింగ్ కాలేజీ ఆ కూడలికి దగ్గరే. హాస్టల్ పిల్లలు నలుగురు టిఫిను తినడానికి వచ్చినట్టున్నారు, హోటలు ముందర నిలబడి ఉన్నారు. అందరి చేతుల్లో ఫోన్లు. ఒకమ్మాయి వాళ్ళమ్మతో కాబోలు వాదిస్తోంది, మిగతా ముగ్గురూ నవ్వుతున్నారు. ఆ ఫోన్లు ఆ వేళ వాళ్ళ చేతుల్లో ఉండటం వెనక ఒక మనిషి ఉందని ఆ పిల్లలకు తెలీదు. తెలియాల్సిన పనీ లేదనేవారు మేడమ్. ఆమె ఉన్నంతకాలం నేనూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పాలనిపిస్తోంది.

మేడమ్ మాకు క్లాసులో పాఠం చెప్పిన మనిషి కాదు. కంప్యూటర్ ల్యాబ్ ఆమె చేతిలో ఉండేది. మిషన్లు బాగుచేయడం, కొత్త ప్రోగ్రాములు వేయడం, ప్రాక్టికల్స్‌లో మా తిప్పలు తీర్చడం ఆమె పని. పొట్టిగా ఉండేవారు. నూలు చీర, చేతికి మగవాళ్ళు పెట్టుకునే పెద్ద గడియారం. పొద్దున అందరికన్నా ముందే వచ్చి పాత చీర గుడ్డతో ముప్పై ఆరు కీబోర్డులూ తుడిచేవారు. మిషను నిదానంగా తెరుచుకుంటుంటే దాని వైపు చూసి "లైన్లో ఉండండి" అనేవారు. మేము నవ్వేవాళ్ళం.

ఇంకో అలవాటు ఉండేది. మా వెనక నుంచి ఎప్పుడూ చప్పుడు లేకుండా వచ్చేవారు కాదు. దూరం నుంచే బల్ల మీద వేలితో రెండుసార్లు తట్టేవారు. మేము తల తిప్పి చూశాక, "రావచ్చునా?" అని అడిగి, అప్పుడు దగ్గరికి వచ్చేవారు. మిగతా సార్లూ మేడమ్‌లూ మా భుజం మీదుగా తొంగి చూడటమే క్రమశిక్షణ అనుకునేవాళ్ళు. ఈమె ఎందుకిలా చేస్తారో మాకు అర్థమయ్యేది కాదు.

అంతకుముందు ఆమె చిత్తూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. ఇప్పటి పిల్లలకు ఆ పని ఏమిటో చెప్పాలి. ఆ రోజుల్లో వేరే ఊరికి మాట్లాడాలంటే ముందు ఎక్స్ఛేంజికి ఫోను చేసి, ఫలానా ఊరు, ఫలానా నంబరు అని అడగాలి. ఆపరేటరు ఆ లైనుకూ ఈ లైనుకూ తీగ కలిపేది. రెండు వైపులా మాట్లాడేవాళ్ళకు మధ్యలో ఆమె కూర్చుని ఉండేది. వినాలనుకుంటే అంతా వినొచ్చు. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో వినకపోయినా తెలుస్తుంది. తర్వాత ఆ బోర్డులన్నీ తీసేసి ఆమెను బిల్లుల సెక్షనులో కూర్చోబెట్టారు. అక్కడ మనసు నిలవక, సెలవుల్లో కంప్యూటర్ నేర్చుకుని, దూరవిద్యలో డిగ్రీ చేసి, ఉద్యోగం వదిలేసి మా కాలేజీకి వచ్చారు.

ల్యాబులో ఆమె పెట్టిన నియమం ఒకటి మాకు చిరాకు తెప్పించేది. ప్రతి ప్రాక్టికల్ మొదట్లో పది నిమిషాలు, ప్రతి మిషనులోనూ ఒక ప్రత్యేకమైన బ్రౌజరు తెరవాలి. మనం నెట్‌లో ఎక్కడికి పోతున్నామో దారిలో ఎవరికీ తెలియకుండా దాచే బ్రౌజరు అది. ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్ళో కలిసి ఊరికే తయారుచేసి ఇచ్చింది. దాని సంగతి ఆమె మాకు ఇలా చెప్పారు.

"ఒక ఉత్తరం రాసి కవర్లో పెట్టండి. ఆ కవర్ని ఇంకో కవర్లో, దాన్ని ఇంకో కవర్లో. పై కవరు మీద ఐరాలలో ఉండే మనిషి అడ్రసు. ఆయన పై కవరు చించితే లోపల చిత్తూరు మనిషి అడ్రసు ఉంటాది. చిత్తూరాయన చించితే తిరుపతి మనిషిది. ఆ తిరుపతాయన ఆఖరి కవరు చించి ఉత్తరాన్ని చేరాల్సిన ఇంటికి చేరుస్తాడు. ఉత్తరం ఎవురు రాసినారో ఐరాలాయనకు తెలుసు, ఎవురికి పోతాదో తెలీదు. తిరుపతాయనకు ఎవురికి పోతాదో తెలుసు, ఎవురు రాసినారో తెలీదు. మొత్తం తెలిసిన మనిషి దారిలో ఒక్కడు కూడా ఉండడు."

అంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ బ్రౌజరు నత్తలాగా నడిచేది. పేపరు చదవడానికి, క్రికెట్ స్కోరు చూడటానికి కూడా దాన్నే వాడమనేవారు. ఒకరోజు నేనే లేచి అడిగాను.

"మేడమ్, మేం దాచుకునేది ఏముంది? స్కోరు చూసుకోవడానికి ఇంత ముసుగెందుకు?"

ఆమె కోప్పడలేదు. "నీది ఐరాల గదా. మీ ఊళ్ళో ఒకడు గుండు కొట్టించుకోని వీధిలో నడిస్తే ఏమైతాది?"

"అందరూ అడుగుతారు, కొండకు పోయొచ్చినావా అని."

"అదే తిరుపతి బస్టాండులో నడిస్తే?"

"ఎవరు చూస్తారు మేడమ్, అక్కడ అందరూ గుండ్లే."

"ఆ. ఒకరే ముసుగేసుకుంటే ఆ ముసుగే గుర్తు పాపా. నీకు దాచుకునేది లేదు, సరే. దాచుకోవాల్సిన అవసరం యాడో ఒకరికి ఉంటాది. ఆ మనిషి పక్కన నువ్వు గుండుతో నిలబడాల."

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వి కూర్చున్నాను. ఆ మనిషిని నేనే అవుతానని అప్పుడు అనుకోలేదు.

మా హాస్టల్లో సాయంత్రం ఆరు కాగానే ఫోన్లన్నీ ఆఫీసులో ఇచ్చేయాలి. పొద్దున క్లాసుకు పోయేటప్పుడు తిరిగి ఇస్తారు. చదువు పాడవకుండా అని చెప్పారు. ఫోనుకు లాక్ పెట్టకూడదు, అదీ ఒక రూలు. ఆఫీసులో వార్డెన్ తమ్ముడు కూర్చునేవాడు. మొదట్లో ఎవరికీ అనుమానం రాలేదు. ఒకరోజు మా గదిలో అమ్మాయి ఫోను తీసుకోవడానికి పోతే అతను, "మీ అక్క పెండ్లిలో ఆ పచ్చ చీర నీకు బాగుండాది," అన్నాడంట. ఆ అమ్మాయి వచ్చి మంచం మీద కూర్చుని మాకు చెప్పింది. ఆ చీర ఫోటో ఆమె ఫోనులో తప్ప ఎక్కడా లేదు. ఆ తర్వాత ఒకరొకరుగా చెప్పడం మొదలుపెట్టారు. ఒకరి మెసేజీలు చదివి ఆ మాటలే ఆమెకు తిరిగి అప్పజెప్పాడు. ఒకరి ఫోటోలు తన ఫోనులోకి పంపుకున్నాడు.

వార్డెన్‌కు చెబితే ఆమె తమ్ముణ్ణి వెనకేసుకొచ్చింది. ఇంట్లో చెప్పే ధైర్యం మాలో ఎవరికీ లేదు. చెబితే ఏం జరుగుతుందో మాకు తెలుసు. మా నాయన మామిడితోపు కౌలుకు చేసి నన్ను చదివిస్తున్నాడు. ఆయన మంచివాడే. కానీ ఈ సంగతి వింటే ముందు నా పెట్టె సర్దించి ఇంటికి తీసుకుపోతాడు, ఆ తర్వాతే మిగతాది ఆలోచిస్తాడు.

చివరికి మా సీనియర్ అక్క ఒకామె చేతితో ఉత్తరం రాసి, పేరు పెట్టకుండా, కరస్పాండెంట్ గది తలుపు కింద తోసింది. కరస్పాండెంట్ అంటే కాలేజీ నడిపే పెద్దాయన. మరునాడు హాస్టల్ పిల్లలందరినీ సెమినార్ హాల్లో కూర్చోబెట్టి తలా ఒక తెల్ల కాగితం ఇచ్చారు. 'నా ఆశయం' అని ఒక పేజీ రాయమన్నారు. ఎందుకో మాకు అర్థమైంది. ఆ అక్క నాకు రెండు వరసల ముందర కూర్చుని ఉంది. రాత మార్చాలని చూసింది పాపం, కొట్టేసి కొట్టేసి రాసింది. సాయంత్రానికి ఆమె అమ్మానాన్నలను పిలిపించారు. క్రమశిక్షణ లేదని చెప్పి ఇంటికి పంపేశారు. ఆటో ఎక్కేటప్పుడు ఆమె ఎవరి వైపూ చూడలేదు, చూస్తే మా పేర్లు కూడా బయటపడతాయని.

అదే వారం కాలేజీ నెట్‌లో కొన్ని దారులు మూసేశారు. యూనివర్సిటీలో ఆడపిల్లల ఫిర్యాదులు తీసుకునే కమిటీకి ఒక పేజీ ఉంటుంది. అది తెరుచుకోలేదు. పేపర్లవాళ్ళకు రాసే పేజీలు, మెయిళ్ళు కూడా తెరుచుకోలేదు. మా ఫోన్ల నుంచి రాద్దామంటే సాయంత్రానికి అవి అతని చేతికే పోతాయి. అప్పుడు గుర్తొచ్చింది నాకు ల్యాబులో నత్తలాంటి ఆ బ్రౌజరు. దాన్లో మనం ఏ పేజీకి పోతున్నామో కాలేజీకి కనబడదు కాబట్టి ఆ పేజీని ఆపలేరు.

మంగళవారం మధ్యాహ్నం ప్రాక్టికల్. మొదటి పది నిమిషాలు. అందరూ పేపరో స్కోరో చూస్తున్నారు. నేను ఆ కమిటీ పేజీ తెరిచాను. ముందు రోజు రాసిపెట్టుకుని కంఠస్థం చేసిన మాటలు కొట్టాను. ఫోన్లు ఎలా తీసుకుంటారో, అతను ఏమేం చేశాడో, ఉత్తరం రాసిన అమ్మాయిని ఎలా పట్టుకున్నారో. పది నిమిషాలు చాలవేమోనని భయం. పంపే బటన్ నొక్కాక అది తిరుగుతూనే ఉంది. అంతలో వెనక వరసలో బల్ల మీద రెండుసార్లు తట్టిన చప్పుడు. మేడమ్. నా ముఖం ఎలా ఉందో నాకు తెలీదు. ఆమె నన్ను చూసి, గడియారం చూసుకుని, క్లాసు మొత్తానికి వినబడేలా "ఇయ్యాళ లైను నిదానంగా ఉండాది, ఇంకో అయిదు నిమిషాలు తీసుకోండి," అని చెప్పి తలుపు దగ్గరికి వెళ్ళి, మా వైపు వీపు పెట్టి నిలబడ్డారు.

ఆమె కనిపెట్టారా లేదా అన్నది ఈ రోజుకీ నాకు తెలీదు.

పది రోజులకు కమిటీ నుంచి కాలేజీకి ఉత్తరం వచ్చింది, విచారణకు వస్తున్నామని. కరస్పాండెంట్ ల్యాబుకు వచ్చాడు. మా బ్యాచే అక్కడ ఉంది. మమ్మల్ని బయటికి పొమ్మన్నాడు గానీ తలుపు సగమే మూసుకుంది. వరండాలో నిలబడి అందరం విన్నాం.

"మిగతా దారులన్నీ మూసేసినాం. ఇది ఈ ల్యాబు నుంచే పోయిండాదని మావాళ్ళు చెప్తా ఉండారు. కమిటీ ఉత్తరంలో ఉండే ఆ మంగళారం పూట ఎవురు రాసినారో మీరు చెప్పాల."

"నాకు తెలీదు సార్."

"మీ చేతి కింద ఉండే మిషన్లు. మీకు తెలీకుండా ఎట్లుంటాది?"

"ఆ పూట ముప్పై ఆరు మంది ఉన్నారు సార్. ముప్పై ఆరు మిషన్లూ ఆ దారినే పోయినాయి. దాంట్లో ఏది యాడికి పోయిందో తెలుసుకునే ఏర్పాటు లేదు."

"ఏర్పాటు ఎందుకు లేదు?"

"నేను పెట్టలేదు సార్. నాకు తెలిస్తే మీరు అడుగుతారు. మీరు అడిగితే నేను చెప్పేస్తానేమో అని నాకు భయం. అందుకే నాకు తెలీకుండానే పెట్టుకున్నాను."

ఆయన కేకలు వేయలేదు. "రేపట్నుంచి మీరు ఈడికి రావద్దు. లైబ్రరీలో కూర్చోండి," అని వెళ్ళిపోయాడు. మేడమ్ బయటికి వచ్చి మమ్మల్ని చూశారు. మా ముఖాల్లోకి ఒక్కొక్కరిగా చూసే అవకాశం ఉంది ఆమెకు. చూడలేదు. "లోపలికి రండి, ప్రాక్టికల్ అయిపోలేదు," అన్నారు.

విచారణ జరిగింది. ఇంటికి పంపిన సీనియర్ అక్కను కమిటీవాళ్ళే పిలిపించి అడిగారు. ఇంకొందరు పిల్లలు కూడా, ఒక్కరే కాదని తెలిశాక, నోరు విప్పారు. వార్డెన్ తమ్ముడి మీద పోలీసు కేసు పెట్టారు. వార్డెన్‌ను మార్చారు. ఫోన్లు తీసుకునే పద్ధతి ఆగిపోయింది. సీనియర్ అక్క తిరిగి వచ్చి చదువు పూర్తి చేసింది, ఇప్పుడు మంచి ఉద్యోగంలో ఉంది. మేడమ్ మాత్రం లైబ్రరీలో మూడు నెలలు కూర్చుని ఉద్యోగం మానేశారు. ఆమె పోయేరోజు మేమందరం బయటికి వచ్చాం. గేటు దగ్గర నిలబడి చేతులు ఊపాం, అంతే.

ఆ తర్వాత నేను తిరుచానూరు పోవడం మొదలుపెట్టాను. అమ్మవారి గుడికి రెండు వీధుల అవతల, యాత్రికులు దిగే లాడ్జీల వెనక ఒక సందులో, చెల్లెలితో కలిసి ఉండేవారు మేడమ్. చిన్నమ్మ ముందరి గదిలో పూలు కట్టేది. లోపలి గదిలో మేడమ్ కంప్యూటర్. పోయిన మొదటి రోజు నాకు ఉద్యోగం పోయిన మనిషిని ఓదార్చాలేమోనని భయం. ఆమె నాకు మజ్జిగ ఇచ్చి, "వచ్చినావా, నాకు ఇంగ్లీషు రాసిపెట్టే మనిషి కావాల," అన్నారు.

ఆ బ్రౌజరును తయారుచేసే స్వచ్ఛంద బృందంలో ఆమె చేరారు. ఎవరైనా చేరవచ్చు. తప్పులు వెతకడం, సరిచేయడం, వాడి చూసి చెప్పడం. కొన్ని దేశాల్లో ప్రభుత్వాలు ఆ బ్రౌజరును గుర్తుపట్టి ఆపేస్తుంటాయి. అందుకని దాన్ని మామూలు నెట్ వాడకంలాగా కనబడేటట్టు వేషం వేసి పంపుతారు. వేషం బాగానే ఉన్నా ఎక్కడో దొరికిపోతోంది, ఎందుకో తెలియడం లేదని బృందంలో చర్చ నడుస్తోంది. మంచి లైన్లు ఉన్నవాళ్ళ దగ్గర అంతా సరిగ్గానే పనిచేస్తుంది. మేడమ్ ఇంట్లో లైను ఊరికే తెగేది. అది తెగినప్పుడల్లా ఏం జరుగుతోందో ఆమె పాత నోటు పుస్తకంలో రాసుకుంటూ వచ్చారు. ఒక ఆదివారం నేను పోయేసరికి ఆ పుస్తకం నా ముందర పెట్టారు.

"దీంట్లో నీకేం కనబడతాది?"

నాకు అంకెలు తప్ప ఏమీ కనబడలేదు.

"లైను తెగిపోతే మనుషులు ఒకే లెక్కన మళ్ళీ కలపమని అడగరు పాపా. ఒకాయన గబగబా మళ్ళీ చేస్తాడు. ఒకామె పొయ్యి మీద పాలు దించి, వచ్చి చేస్తాది. ఒకడు విసుక్కోని రేపు చేద్దాంలే అనుకుంటాడు. పదిహేనేండ్లు నేను ఆ బోర్డు ముందర కూర్చున్నాను గదా. ఇది సూడు. తెగినప్పుడల్లా ఒకే లెక్క, గడియారం మాదిరి. కండ్లు మూసుకోని చెప్తా, ఇది మనిషి కాదు మిషనని. నాకు తెలిసినప్పుడు ఆపేవాళ్ళకు తెలీదా?"

వేషం అంతా సరిగ్గా వేసి, తడబడటం మాత్రం నేర్పలేదు దానికి. అది ఆమె పట్టుకున్న సంగతి. నేను ఇంగ్లీషులో రాసి పంపాను. మొదట ఎవరూ పట్టించుకోలేదు. ఒకాయన ఇది అంత పెద్ద విషయం కాదన్నాడు. ఆమె కోపం తెచ్చుకోకుండా ఇంకో నెల రాసుకుని, అదంతా మళ్ళీ పంపమన్నారు. ఈసారి ఇద్దరు ముగ్గురు తమ దగ్గర పరీక్షించి చూశారు. చివరికి మార్చారు. తెగిన లైను మళ్ళీ కలుపుకునేటప్పుడు ఎగుడుదిగుడుగా ఆగేటట్టు, ఒక్కో మనిషి ఒక్కోలాగా ఆగినట్టు. కృతజ్ఞతల జాబితాలో ఏ పేరు వేయాలని అడిగారు. "పేరొద్దు," అన్నారు మేడమ్. 'ఒక పాత టెలిఫోన్ ఆపరేటరు' అని వేశారు.

ఆ రోజుల్లోనే నేను ఆమెను అడిగాను, చాలామంది అడిగే ప్రశ్నే. "దీన్ని చెడ్డవాళ్ళు కూడా వాడుకుంటారు కదా మేడమ్?"

"వాడుకుంటారు." అని ఒప్పుకున్నారు. "నేను బోర్డు మీద ఉన్నప్పుడు మంచోళ్ళకే లైను కలిపినానా? ఆ బరువు ఉండాది పాపా. లేదని చెప్పను. నా మటుకు నేను ఇంకో పక్క బరువు కూడా చూసినాను, అందుకే ఈ పని చేస్తా ఉండా."

ఇంకో పక్క బరువు ఏమిటని అడిగాను. ముందరి గదిలో పూలు కడుతున్న చిన్నమ్మ చెయ్యి ఆగింది. ఆమెకు తెలిసినట్టుంది. మేడమ్ అప్పుడు చెప్పారు.

ఎక్స్ఛేంజిలో చేరిన కొత్తల్లో, చిత్తూరులో ఒక బెల్లం మండీ వ్యాపారి ఉండేవాడు. ఈమె తండ్రికి తెలిసినవాడు, అవసరానికి సాయం చేసినవాడు. ఆయన ఒకరోజు ఎక్స్ఛేంజి బయట నిలబడి, "అమ్మాయీ, మా ఇంటి నుంచి సాయంత్రం పూట వేలూరుకు ఫోన్లు పోతా ఉండాయంట. ఏ నంబరుకు?" అని అడిగాడు. ఆయన కూతురు కాలేజీలో చదువుతోంది. ఆ అమ్మాయి గొంతు ఈమెకు తెలుసు. వేలూరు నంబరు కూడా నోటికి వచ్చు.

"పెద్దాయన. కన్న తండ్రి. తండ్రికి తెలిస్తే తప్పేముందిలే అనుకుంటిని. చెప్పేసినాను. అబద్ధం చెప్పలేదు నేను, నిజమే చెప్పినాను."

ఆ మరుసటి రోజు నుంచి ఆ ఇంటి నుంచి వేలూరుకు కాల్స్ లేవు. ఆ అమ్మాయి కాలేజీ మానేసింది. నెల తిరిగేలోగా ఎక్కడో దూరం సంబంధానికి ఇచ్చి పంపేశారు.

"రెండేండ్లకు నేను బస్సులో కూర్చోని, కండక్టర్ని పూతలపట్టుకు ఒక టికెట్ ఇయ్యప్పా అంటిని. ముందర సీట్లో ఒకామె గబుక్కున ఎనక్కి తిరిగి చూసింది. సన్నంగా అయిపోయి ఉండాది. 'మీరే గదక్కా, లైన్లో ఉండండి అనేది?' అని నవ్వింది. నా మొగం ఎప్పుడూ చూడలేదు, గొంతును బట్టి కనుక్కునింది. 'మీరు శానా ఓపిగ్గా కలిపేవాళ్ళక్కా' అనె. చెప్పింది నేనేనని ఆ పాపకు తెలీదు. నేను చెప్పలేకపోతిని. పూతలపట్టు రాకముందే దిగేసి నడుచుకుంటా పోయినాను."

చిన్నమ్మ మళ్ళీ పూలు కట్టడం మొదలుపెట్టింది. మా భుజాల మీదుగా ఆమె ఎందుకు చూసేవారు కాదో, ల్యాబులో తనకు తెలియకుండా ఎందుకు ఏర్పాటు చేసుకున్నారో నాకు ఆ రోజు అర్థమైంది. ఆమె కరస్పాండెంట్‌ను నమ్మకపోవడం ఒక ఎత్తు. తనను తాను నమ్మకపోవడం ఇంకో ఎత్తు. అంత నిజాయితీ నేను ఇంకెవరిలోనూ చూడలేదు.

ఒకసారి ఆ బృందానికి ఒక ఉత్తరం వచ్చింది. పేరు లేదు, దేశం లేదు. "మా దగ్గర అన్ని దారులూ మూసేశారు. మీరు మార్చిన తర్వాత ఇది మాత్రం తెగుతూ తెగుతూ నడిచింది. నేను బతికే ఉన్నానని మా అమ్మకు చెప్పగలిగాను." మేడమ్ నాతో దాన్ని రెండుసార్లు తెలుగులో చెప్పించుకున్నారు. "ఆ తల్లికి ఎంత వయసుంటాదో," అన్నారు. వెంటనే, "అడగొద్దులే," అన్నారు. ఆ రోజు చిన్నమ్మతో పాయసం చేయించారు. ఎందుకని చిన్నమ్మ అడిగితే, "ఎవురికో లైను కలిసింది," అని చెప్పారు.

పోయిన నెల ఊపిరితిత్తులకు నీరు పట్టి ఆసుపత్రిలో పెట్టారు. ఇంటికి తెచ్చిన తర్వాత చూడటానికి పోయాను. మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. మనిషి సగమైంది. చిన్నమ్మ అంగడికి పోయి ఉంది. ఇన్నేళ్ళుగా చెప్పని మాట ఇంక ఆపుకోకూడదనుకున్నాను. ఆ ఫిర్యాదు రాసింది నేనేనని, నా చదువు, నా ఉద్యోగం, నా బతుకు ఆమె పెట్టిన భిక్ష అని చెప్పాలనుకున్నాను.

"మేడమ్, ఆ మంగళవారం ల్యాబులో..."

ఆమె చెయ్యి ఎత్తారు. "గమ్మునుండు పాపా."

"ఒక్క మాట మేడమ్."

"వద్దు." ఊపిరి అందక కొంచెం ఆగారు. "ఒకసారి ఒక పెద్దమనిషి అడిగితే నిజం చెప్పి ఒక పాపను ముంచినాను. రెండోసారి ఇంకో పెద్దమనిషి అడిగినాడు. అప్పుడూ నిజమే చెప్పినాను, నాకు తెలీదని. ఎవురూ మునగలేదు. నా బతుకులో నాకు మిగిలింది అదొక్కటే. దాన్ని అట్లే ఉండనీ."

నేను ఏడుస్తుంటే నా చెయ్యి పట్టుకుని, కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు, నా ముఖం చూడకుండా. కాసేపటికి, "మీ నాయన బాగున్నాడా? మామిడి పూత పట్టిందా?" అని అడిగారు. పట్టిందని చెప్పాను. అవే మా ఆఖరి మాటలు.

ఇప్పుడు ఆమెను ఎవరూ ఏమీ అడగలేరు. అందుకే ఈ నాలుగు మాటలూ నా పేరుతో రాస్తున్నాను. ఆ రోజు రాసింది నేను. ఆ ల్యాబులో మిగతా ముప్పై అయిదు మందీ తెలియకుండానే నా పక్కన నిలబడ్డారు. వాళ్ళల్లో ఎవరైనా ఇది చదివితే, మీకూ నా దండాలు.

పూతలపట్టు నుంచి నేను తిరుచానూరు చేరేసరికి పది దాటింది. సందంతా జనం. పూలమ్మే ఆడవాళ్ళు తలా ఒక దండ తెచ్చారు. మధ్యాహ్నం స్వర్ణముఖి ఒడ్డుకు తీసుకుపోయారు. ఆడవాళ్ళం పెద్దరోడ్డు మలుపు దాకా నడిచాం. అక్కడ అప్పుడే రెండు బస్సుల యాత్రికులు దిగి గుడి వైపు పోతున్నారు. ఎక్కడివాళ్ళో, మాటను బట్టి మనవైపు వాళ్ళు కారు. పాడెను చూసి రోడ్డు మీద పక్కకు తప్పుకుని నిలబడ్డారు. చెప్పులు విడిచారు కొందరు. పోయింది ఎవరని ఒక్కరూ అడగలేదు. వాళ్ళలో ఒకామె చంకలో ఏడాది పాపను ఎత్తుకుని ఉంది. పాడె తన ముందర నుంచి పోతుంటే ఆ తల్లి తను దండం పెట్టి, ఆ పసిదాని రెండు చేతులూ పట్టుకుని దగ్గరికి చేర్చింది. పాడె మలుపు తిరిగి కనబడకుండా పోయాక కూడా ఆ పాప చేతులు అలాగే కలుపుకుని, ఖాళీ రోడ్డు వైపు చూస్తూ ఉంది.